పెళ్లికొడుకు కంచంలో చేయి కడిగాడు

మా అక్క కూతురికి సంబంధం కుదిరింది. కుదిరింది అంటే పెద్దవాళ్లకు కుదిరింది. పిల్ల ఇంకా ‘ఊ’ అనలేదు. అబ్బాయి నచ్చలేదా అంటే నచ్చాడు. చిక్కంతా అక్కడే. నచ్చకపోతే ఒక్క మాటతో పోయేది. నచ్చినవాడి గురించే ఎక్కువ ఆలోచించాలని ఆ పిల్ల అభిప్రాయం. నిశ్చితార్థం వచ్చే నెల పెట్టుకున్నారు, ఆ లోపల ఊ అనాలి, లేదంటే లేదనాలి.

పిల్ల మిర్యాలగూడలో కిరాయి గదిలో ఉండి, స్కూటీ మీద పొలాలు తిరుగుతూ, ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో రైతులకు చెప్పే ఉద్యోగం చేస్తుంది. అబ్బాయిది నడిగూడెం. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరు. మిర్యాలగూడ బస్టాండు ఎదురుగా హోటల్లో ఇద్దరూ కొన్నిసార్లు చాయ్ తాగారు. ఆ చాయ్‌ల సంగతి పెద్దలకు తెలుసు. తెలియనట్టు ఉండటమే మర్యాద కాబట్టి అలాగే ఉన్నారు.

ఇందులో నా పాత్ర ఏమిటంటే, నేను పిల్లకు చిన్నమ్మను. చివ్వెంల బడిలో టీచర్ని, ఉండేది సూర్యాపేటలో. చుట్టాల్లో నాకున్న పేరు వేరే. ‘దాన్ని పిలిస్తే పెళ్లిలో కూడా చర్చ పెడుతుంది’ అని. తప్పు నాది కాదు. ఆదివారం వస్తే మా నాన్న ఇంట్లో చాప పరిచేవాడు. ఊళ్లో నలుగురు వచ్చి కూర్చునేవారు. దేవుడు ఉన్నాడా, కులం ఎందుకుంది, తాళి దేనికి? సాయంత్రానికి తేల్చేసేవారు. నేను ఆ చాప మీద పెరిగాను. అక్క చాప పక్కన పెరిగింది. స్త్రీలకు స్వేచ్ఛ కావాలా వద్దా అని గట్టిగా వాదించుకున్న రోజు కూడా అందరికీ చాయ్ పోసింది అక్కే. కావాలని తేలిందట. గ్లాసులు కడుగుతుంటే వినిపించిందని ఇప్పటికీ చెప్తుంది.

ఈ మధ్య మా వైపు ఒక ఆచారం మొదలైంది. సంబంధం ఖాయమయ్యే ముందు రెండు కుటుంబాలూ కలిసి సినిమాకు పోతాయి. జాతకాలు కలిశాక అభిరుచులు కూడా కలిశాయా అని చూసుకోవడం కాబోలు. ఏ సినిమాకు పోవాలో అబ్బాయి తల్లి తేల్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా ఏడ్చి వచ్చిన సినిమా ఒకటి కోదాడలో ఆడుతోంది. ఏడవడానికి మేమూ పోయాం.

సినిమాలో భార్య లెక్చరర్. పెళ్లి కాగానే ఉద్యోగం మానేస్తుంది. ఎవరూ మానమనలేదు. అందుకే అది త్యాగమట. భర్త పెద్ద మనిషి, ఊరంతా దండం పెడుతుంది. సినిమా అంతా వెతికినా ఆయన నోట భార్య పేరు రాదు. ‘ఏయ్’ అంటాడు. ఆమె ఆయన్ని ‘మీరు’ అంటుంది. ఆ ‘ఏయ్’లో ఎంత అనురాగం ఉందో చెప్పడానికి వెనక వయొలిన్ పెట్టారు. ఒకరోజు అన్నం తింటూ తింటూ, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన మధ్యలో లేచిపోతాడు. ఆమె కాసేపు నిలబడి, అదే కంచం ముందు కూర్చుని, ఆయన వదిలిన అన్నం తినడం మొదలుపెడుతుంది. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది. కన్నీళ్లు అన్నంలో పడతాయి. ఉప్పు సమస్య అక్కడికి తీరిందని నేను అనుకున్నాను. భర్త తలుపు సందులోంచి చూస్తాడు. తెల్లవారి రోలు మీద మూర మల్లెపూలు ఉంటాయి. చేతికివ్వడు, తలలో పెట్టడు, రోలు మీద పెట్టి పోతాడు. హాలంతా చప్పట్లు.

చివర్లో ఆమెకు జబ్బు చేస్తుంది. దవాఖానలో మంచం పక్కన ఆయన బోరున ఏడ్చి, నువ్వు లేకపోతే నా చొక్కా ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు అంటాడు. ఇక ముక్కులు చీదని వాళ్లు లేరు. నేను మాత్రం మా ఇంట్లో బీరువాను తలుచుకున్నాను. ఎన్నేళ్లుగానో చొక్కాలు దాస్తోంది. పాపం, ఒక్కరూ దాని చేయి పట్టుకుని ఏడ్వలేదు.

సినిమా వదిలాక పక్కనే హోటల్లో కూర్చున్నాం. అబ్బాయి తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే చాయ్ ఊదుకుంటోంది.

“ఎట్లుంది వదినా సినిమా? నాకైతె కండ్లు ఆగలే. గసొంటి ఇల్లాలుంటె ఇల్లు గుడి అయితది.”

“అయితది వదినా,” అన్నాను. “కాకపోతె ఆ గుడిల దేవుడు ఉప్పు తక్కువైతె లేసిపోతడు.”

అక్క బల్ల కింద నా తొడ గిల్లింది. కోదాడలో కాపురం పెట్టాక అక్క మాట సగం ఆంధ్ర సరిహద్దు దాటింది కానీ గిల్లుడు మాత్రం మారలేదు. “ఏంటే నీ వాగుడు? ఇది నాన్న చాప కాదు,” అంది పళ్ల మధ్య నుంచి.

అబ్బాయి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “అంటె అది ప్రేమ కాదంటరా మేడం?”

“ఎవరి ప్రేమ బాబూ? ఆమెదా, ఆయనదా?”

“ఇద్దరిదీ.”

“ఆమెది ప్రేమే కావొచ్చు. ఆయనది ఆకలి.”

“మల్లెపూలు తెచ్చిండు గద మేడం.”

“తెచ్చిండు. ఉప్పు డబ్బా అందుకోని కూరల ఇంత ఏసుకుంటె పూల ఖర్చు కూడ మిగిలేది.”

వాళ్లమ్మకు ఇది హాస్యమో, కయ్యమో తెలియక అందరి ముఖాలూ చూసి చివరికి నవ్వింది. అబ్బాయి నవ్వలేదు. పిల్ల వాడినే చూస్తూ చాయ్ తాగింది.

మర్నాడు సెలవు కాబట్టి పిల్ల నాతో సూర్యాపేట వచ్చింది. బస్సు కోదాడ దాటగానే అడిగింది.

“చిన్నమ్మా, కంచం సీన్ల మన నడిగూడెం ఆయన ఏడ్చిండు. సూసినవా?”

“సూడలే. నేను పక్క సీట్ల ఆమెకు చేతిరుమాలు ఇస్తున్న.”

“నేను సూసిన. కండ్లు తుడ్సుకున్నడు. ఎందుకు ఏడ్చిండంటవ్? ఆమె ఎంగిలి కూడు తింటున్నదని ఏడ్చిండా? గసొంటిది తనకు గూడ దొరకాల్నని ఏడ్చిండా?”

నేను కిటికీలోంచి చూపు తిప్పి దాని ముఖం చూశాను.

“మొదటిదైతె ఊ అంట,” అంది. “రెండోదైతె అనను. గంతే.”

“అయితె అడుగు.”

“అడిగితె ఎవడన్న రెండోదని చెప్తడా?”

సూర్యాపేట వచ్చేదాకా నేను ఉపన్యాసం ఇచ్చాను. సమానత్వం లేని చోట ప్రేమకూ భయానికీ తేడా ఎలా చెరిగిపోతుందో, కింద కూర్చున్న మనిషి పెట్టే దండంలో ఎంత ఇష్టం, ఎంత అలవాటు ఉంటాయో వివరంగా చెప్పాను. చాలా బాగా చెప్పానని నాకే అనిపించింది. దిగేటప్పుడు అది, “ఇదంత కరెక్టే చిన్నమ్మా. ఇప్పుడు ఆయన ఎందుకు ఏడ్చిండో చెప్పు,” అంది.

తర్వాతి వారం నడిగూడెం వాళ్లు ఇల్లు చూసుకోవడానికి రమ్మన్నారు. అబ్బాయి ఇల్లు చూడటానికి పిల్ల తరఫు పెద్దలు పోతారు, పిల్ల పోదు. ఉండబోయేది పిల్ల, చూసేది పెద్దలు. ఈసారి పిల్ల, “నేను గూడ వస్త,” అని కారెక్కి కూర్చుంది. అక్క కాస్త ఏడ్చింది, బావ కాస్త అరిచాడు, కారు కదిలింది.

ఇల్లు బాగుంది. గొర్రెల దొడ్డి వెనక్కి, కొత్తగా వేసిన రెండు గదులు ముందుకు. యాటను కోశారు. ముందు మగవాళ్లకు వడ్డించారు. వాళ్లు తినేదాకా మేం గోడకు ఆనుకుని నిలబడి, వంటలు ఎంత బాగున్నాయో వాసన చూసి చెప్పుకున్నాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చాలా ఇళ్లల్లో మగవాళ్లు చేయి కడుక్కోవడానికి లేవరు. తిన్నచోటే, తిన్న కంచంలోనే కడుగుతారు. ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెడుతుంది, లేదా తానే పోస్తుంది. ఆ కంచం ఎత్తేదీ ఆమే. చేయి కడిగిన కంచంలో ఇక ఎవరూ తినరు. దాని పని ఖతం.

మగవాళ్ల బంతి అయిపోవచ్చింది. కొందరు లేచారు, అబ్బాయి ఇంకా మూలుగ బొక్క కొరుకుతున్నాడు. వాళ్లమ్మ చెంబు తెచ్చి కొడుకు పక్కన పెట్టి, మా పిల్ల వైపు తిరిగింది.

“దా బిడ్డా, కూసో. నీకు యేరే కంచం ఎందుకు? మావోని కంచం ఉన్నది గద. సినిమాల సూడలే? గట్ల తింటె ప్రేమ పెరుగుతది.”

ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. పరాచికమే. అయితే ఇలాంటి పరాచికాల్లో ఒక సౌకర్యం ఉంటుంది. పిల్ల కూర్చుంటే ఆచారం, కూర్చోకపోతే పరాచికం. ఎవరో ఒకామె ఫోన్ కూడా పైకెత్తింది, వీడియో కోసం. కంచంలో కాస్త అన్నం, కాస్త పులుసు, ఒక ముక్క మిగిలి ఉన్నాయి. అందరి కళ్లూ పిల్ల మీద. అక్క ముఖంలో, కూర్చుంటే ఏం పోయింది అనే భావం స్పష్టంగా కనబడింది. పిల్ల నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు అబ్బాయి చెంబు ఎత్తి కంచంలో చేయి కడిగేశాడు.

పసుపు నీళ్లు అన్నం మీదుగా పాకి కంచం అంచుకు చేరాయి. నవ్వులు ఆగాయి, ఎత్తిన ఫోన్ కిందికి దిగింది. వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ పాడుగాను! ఏం పనిరా గిది?”

పిల్లకు వేరే కంచం పెట్టారు. తిన్నాం. మాంసం నిజంగానే బాగుంది.

తిరుగు ప్రయాణంలో కారులో అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. “చూశావా! మా పిల్ల కోసం కన్నతల్లికే ఎదురు తిరిగాడు. ఒక్క మాట అనకుండా, ఒకరినీ నొప్పించకుండా! సినిమా హీరోలు ఎందుకు పనికొస్తారు వీడి ముందు?” ఇల్లు చేరకముందే అబ్బాయికి ఫోన్ చేసి అదే మాట పొగడ్తలు కలిపి చెప్పింది. అటు నడిగూడెంలో వాళ్లమ్మ కూడా అదే నిర్ణయానికి వచ్చిందని తెలిసింది. ‘ఇంక లగ్గమే కాలె, గప్పుడే పెండ్లాం దిక్కు అయిండు’ అని అన్నం మానేసిందట. మొత్తానికి రెండు కుటుంబాలూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. అభిరుచులు కలిశాయి.

నాకు అనుమానం పోలేదు. సాక్ష్యం లేకుండా ఎవరినీ దేవుణ్ణి చేయొద్దని చాప మీద నేర్చుకున్నాను. దేవుణ్ణే చేయలేదు, అల్లుణ్ణి ఎలా చేస్తాను? చేయి కడిగేటప్పుడు వాడు పిల్ల వైపు చూశాడా? నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. వాడు చూసింది చెంబు వైపు. కావాలని చేసిన మనిషి ఆ తర్వాతైనా చూస్తాడు. వాడు అందరూ ఎందుకు గమ్మునయ్యారా అన్నట్టు తన చొక్కా చూసుకున్నాడు, పులుసు పడిందేమో అని.

పిల్లకు ఇంకో కోపం ఉంది. “నేను తినను అందామని నోరు తెరిచిన చిన్నమ్మా. ఆ మాట నా నోట్లెనే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మ ఆయనకు మొక్కుతున్నది. నేను కాదన్న సంగతి ఎవలకూ తెల్వదు.”

ఇది నా ఉపన్యాసంలో లేని పాయింటు. ఆడది తలవంచితే ఒక సినిమా, మగవాడు ఆమెను కాపాడితే ఇంకో సినిమా. రెండింటిలోనూ ఆమెకు డైలాగు ఉండదు.

ఆ శనివారం పొద్దున మా ఇంట్లో కూర్చుని అది అబ్బాయికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి, చిన్నమ్మ గూడ ఇంటున్నది అని ముందే చెప్పింది. దొంగతనంగా వినడం నాకూ ఇష్టం లేదు. చెప్పి విన్నందుకు నీతి కూడా దక్కింది.

“కంచంల చెయ్యి ఎందుకు కడిగినవ్?”

అవతల ఎక్కడో లారీ వెనక్కి పోతున్న చప్పుడు.

“మీ అమ్మగారు ఏమన్నరంటె...”

“మా అమ్మ ఏమన్నదో నాకు ఎరుకే. నువ్వు చెప్పు.”

“నిజం చెప్తె నవ్వుతవ్.”

“నవ్వ.”

“మా అమ్మ అన్నది నేను ఇననే లేదు. బొక్క కొరుకుతున్న. తినుడు అయింది, పక్కన చెంబు కనబడ్డది, కడిగిన. రోజు చేసే పనే గద. అందరు సప్పుడు చేయకుంట సూస్తుంటె ఏమైందో సమజ్ కాలే. మీ అమ్మగారు ఫోన్ చేసి మెచ్చుకుంటె అప్పుడు తెలిసింది, నేనేం చేసిన్నో.”

“మరి మా అమ్మతోని చెప్పకపోయినవా, గట్ల కాదని?”

“ఆమె ఆపితె గద చెప్పనీకి!”

పిల్ల నవ్వింది. నవ్వనని మాట ఇచ్చి మరీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “ఇంకోటి అడుగుత,” అంది. “సినిమాల ఎందుకు ఏడ్చినవ్?”

చప్పుడు తగ్గింది, లారీకి దూరంగా జరిగినట్టున్నాడు.

“మా అమ్మ గట్లనే తింటది,” అన్నాడు. “మా నాయిన చెయ్యి కడగకుంట ఇడిచిన కంచంల. ఇంట్ల కంచాలు లేక కాదు, కూడు లేక కాదు. చిన్నప్పటి సంది సూస్తున్న. ఎన్నడు ఏం అనిపియ్యలే. ఆడ గంత పెద్ద తెర మీద సూసేసరికి... అందరు చప్పట్లు కొడుతున్నరు. నాకేమో మా అమ్మ వీపు యాదికొచ్చింది. గోడ దిక్కు తిరిగి కూసోని తింటది.”

“ప్రేమ అనుకున్నవా?”

“అనుకున్న. మేడంతోని హోటల్ల గట్లనే అంటి గద. ఇప్పుడు తెల్వదు.”

రెండే జవాబులున్న ప్రశ్నకు మనిషి మూడో జవాబు చెప్తే, నాన్న చాప మీద ఒప్పుకునేవాళ్లం కాదు. అవునో కాదో చెప్పి కూర్చోమనేవాళ్లం. కానీ నేను ఒకటి గమనించాను. రెండు కుటుంబాలు కలిసి ఊరికే హీరోను చేసి కూర్చోబెడితే, వీడు లేచి ఆ కుర్చీ నాది కాదన్నాడు. బొక్క కొరుకుతున్నానన్నాడు. ప్రేమను నిరూపించుకోవడానికి ఇంతకంటే పనికిమాలిన మాట ఏ రచయితా రాయడు.

ఫోన్‌లో పిల్ల, “రేపు చిన్నమ్మోళ్లింటికి బువ్వకు రా,” అంది. ఊ అని మాత్రం అనలేదు.

వచ్చాడు. మా ఆయన ఈ కథలో ఇంతవరకు లేడు, ఇప్పుడూ పెద్దగా లేడు. చేపల పులుసు వండుతున్నాడు. నలుగురం ఒకేసారి కూర్చున్నాం. నడిగూడెంలో వాళ్లమ్మ మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టిందని చెప్పాడు. ఎవరి కంచంలో అని నేను అడగబోయి, అక్క గిల్లకుండానే ఊరుకున్నాను.

తినడం అయింది. వాడి ఎడమ చేయి నీళ్ల గ్లాసు మీదికి పోయింది. గ్లాసు లేచింది. కుడి చేయి కంచం మీద సిద్ధంగా ఉంది. గ్లాసు కొంచెం వంగింది కూడా.

నేను గోడ మీద క్యాలెండరు చూడసాగాను. మా ఆయన చేప ముల్లు తీసుకోవడంలో మునిగిపోయాడు. పిల్ల ఒక్కతే తలెత్తి వాడినే చూస్తోంది. ఏం అనలేదు. సైగ చేయలేదు.

గ్లాసు కిందికి దిగింది. వాడు లేచి నిలబడ్డాడు. కుడి చేతిని తనది కానట్టు ముందుకు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“నల్లా యాడున్నది?”

“యాడనో ఉంటది,” అంది పిల్ల. “దేవులాడుకో.”

ముందు స్టోరు గది తలుపు తోశాడు. బియ్యం బస్తాలు కనబడ్డాయి. తర్వాత పడకగది. ‘సారీ’ అని అక్కడెవరూ లేకపోయినా చెప్పి బయటికి వచ్చాడు. మూడో తలుపు వైపు పోతూ పోతూ ఆగి, వెనక్కి వచ్చి, తన కంచం ఎత్తుకుని మళ్లీ పోయాడు. వయొలిన్ ఏమీ లేదు. లోపల నల్లా తిప్పిన చప్పుడు వినబడింది. మా నల్లా మామూలుగానే కాస్త ఎక్కువ మోత చేస్తుంది.

పిల్ల మళ్లీ అన్నం పెట్టుకుంది. పులుసు పోసుకుంది. కలుపుకుంటూ, కంచంలోకే చూస్తూ, “చిన్నమ్మా,” అంది, “అమ్మకు ఫోన్ చేసి చెప్పు. ఊ అన్ననని.”

“ప్రేమేనంటవా?” అన్నాను. అడగకుండా ఉండటం నాకు రాదు.

“తెల్వదు. సూస్త.”

లోపలి నుంచి వాడి గొంతు వినబడింది. “అత్తమ్మా, సబ్బు యాడుంటది?”

నేను నోరు తెరిచాను. పిల్ల ఎడమ చేయి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

“గాడ్నే ఉంటది,” అని గట్టిగా చెప్పి, తల వంచుకుని తినసాగింది.